గంజి కాచితే నేరమా?

బియ్యం, నీళ్లు, ఉప్పు. అంతే. ఇంకేమీ వేయరు. ఏటా మే నెల రెండో వారం రాగానే శ్రీలంక ఉత్తరాన, తూర్పున తమిళులు బజార్లలో, గుడుల ముందు, యూనివర్సిటీ గేటు దగ్గర పొయ్యి పెట్టి ఈ గంజి కాస్తారు. దారిన పోయేవాళ్లను ఆపి కొబ్బరిచిప్పల్లో పోసిస్తారు. ఇది పండుగ కాదు, మొక్కు కాదు. 2009 జనవరి నుంచి మే దాకా ముల్లైతీవు జిల్లాలో సముద్రానికీ ఉప్పునీటి కయ్యకూ నడుమ ఉన్న ఇసుకపట్టీ మీద లక్షలమంది ఇరుక్కుపోయినప్పుడు ప్రాణం నిలబెట్టింది ఈ గంజినీళ్లే. ఆ పట్టీలో ఆఖరి ఊరు ముల్లివాయ్‌కాల్. అందుకే దీన్ని ముల్లివాయ్‌కాల్ గంజి అంటారు. తమిళంలోనూ దాని పేరు కంజే. కరువు సంవత్సరాల్లో ఊరి నడుమ గంజి కేంద్రాలు చూసిన మనకు ఆ మాటను ఎవరూ తర్జుమా చేసి చెప్పనక్కర్లేదు.

2024 మేలో తూర్పున ట్రింకోమలీ జిల్లా సంపూర్‌లో ఈ గంజి పంచినందుకు మహిళలను పోలీసులు రాత్రిపూట ఇళ్లకు పోయి పట్టుకుపోయారు. గంజి పంచొద్దని కోర్టు నుంచి ముందే ఉత్తర్వు తెచ్చిపెట్టుకున్నారు. యుద్ధం ముగిసి అప్పటికి పదిహేనేళ్లు. పదిహేనేళ్ల తర్వాత కూడా ఒక రాజ్యం ఒక గిన్నె గంజిని చూసి ఉలిక్కిపడుతున్నదంటే అక్కడ ముగిసింది ఏమిటి? ముగియనిది ఏమిటి? మేం అడగదలుచుకున్నది ఇదే.

యుద్ధం తర్వాతి దేశం గురించి పెద్ద పత్రికలు రాసే పద్ధతి ఒకటుంది. తుపాకులు మూగబోయాయి, టూరిస్టులు వస్తున్నారు, రోడ్లు తళతళలాడుతున్నాయి, జనం గతాన్ని మరచి ముందుకు సాగుతున్నారు. ఇంతటితో కథ కంచికి. ఆ రాతల్లో జనం ఉండరు. జనం ఏం మరిచారో, ఏం మరవలేదో ఎవరూ పోయి అడగరు.

ముందు లెక్క సూటిగా చెప్పుకుందాం. 1983 జూలైలో కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబెట్టిన మారణకాండతో మొదలైన యుద్ధం 2009 మే 18న ముగిసింది. ఆఖరి నెలల్లో సైన్యం తనే 'కాల్పులు లేని ప్రాంతం' అని ప్రకటించి, జనాన్ని అక్కడికి పొమ్మని చెప్పి, అక్కడే గుండ్లు కురిపించింది. ఆస్పత్రులను కూడా వదల్లేదు. ఆ చివరి దశలో నలభై వేలమంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీ 2011లో చెప్పింది. బతికి బయటపడ్డ రెండున్నర లక్షలమందికి పైగా జనాన్ని వవునియా దగ్గర మానిక్ ఫామ్ అనే ముళ్లకంచె శిబిరాల్లో పెట్టారు. అందులో ఆఖరి కుటుంబం బయటికి వచ్చేసరికి 2012 సెప్టెంబరు అయింది.

పులుల లెక్క కూడా చెప్పాలి. చెప్పకపోతే మేం మాట్లాడేది న్యాయం కాదు, పక్షపాతం. అదే ఇసుకపట్టీ మీద ఎల్‌టీటీఈ తన సొంత జనాన్ని అడ్డం పెట్టుకున్నది. తప్పించుకోబోయినవాళ్లను కాల్చింది. ఇంటికొక పిల్లను, పిల్లవాణ్ని లాక్కుపోయి తుపాకీ ఇచ్చింది. అంతకంటే ముందు, 1990 అక్టోబరులో, ఉత్తరాది ముస్లింలందరినీ, డెబ్భై వేలమందికి పైగా, ఊళ్ల నుంచి వెళ్లగొట్టింది. జాఫ్నా పట్నంలో వాళ్లకు ఇచ్చిన గడువు రెండు గంటలు. వాళ్లు మాట్లాడేది తమిళమే. వాళ్ల తాతలు పుట్టింది ఆ గడ్డ మీదనే. అస్తిత్వం పేరు మీద మొదలైన పోరాటం తన పక్కింటివాడి అస్తిత్వాన్ని తుడిచిపెడితే దాన్ని ఏమనాలి? పుత్తళంలో శిబిరాల్లో ఇరవై ఏళ్లు గడిపిన ఆ కుటుంబాలు యుద్ధం ముగిశాక తిరిగి పోతే ఇళ్లు కూలి ఉన్నాయి, పొలాల్లో అడవి మొలిచి ఉన్నది. ఆ చెట్లు కొట్టుకుంటే విల్పత్తు అడవిని నరుకుతున్నారని దక్షిణాదిలో గగ్గోలు. వాళ్ల తరఫున మాట్లాడటానికి అటు ఎవరూ లేరు, ఇటు ఎవరూ లేరు.

ఇక అభివృద్ధి. కాండీ నుంచి జాఫ్నా దాకా ఏ-9 రోడ్డు నల్లగా నిగనిగలాడుతున్నది. 1990లో ఆగిపోయిన యాళ్ దేవి రైలు 2014 అక్టోబరులో మళ్లీ జాఫ్నా స్టేషనుకు చేరింది. ఆ పట్టాలు వేసింది మన దేశపు ఇర్కాన్ సంస్థే. కరెంటు వచ్చింది, సెల్‌ఫోన్ టవర్లు వచ్చాయి, బ్యాంకుల బ్రాంచీలు వచ్చాయి. మేం వీటిని వెక్కిరించడం లేదు. రోడ్డు మంచిదే. ఆస్పత్రికి పోయే గర్భిణికి రోడ్డు కావాలి. కాని ఆ రోడ్డు పక్కన టీ కొట్టు పెట్టింది ఎవరు? సైన్యం. కాంకేశన్‌తురై సముద్రపు ఒడ్డున, జనాన్ని ఖాళీ చేయించిన చోట, 'తల్‌సెవన' అనే రిసార్టు నడిపేది సైన్యం. కొబ్బరితోటలు, కూరగాయల మళ్లు సాగుచేసి సంతకు పంపిందీ సైన్యమే. జీతం తీసుకునే సిపాయి, ఉచితంగా దొరికిన భూమిలో పండించి, మార్కెట్లో పక్క రైతు కంటే చవకగా అమ్మితే ఆ రైతు ఏం కావాలి?

ఆడవాళ్ల సంగతి ఇంకోటి. మగవాళ్లు పోయిన ఇళ్లు వేలల్లో. ఆ ఇళ్ల ముందరికి మొట్టమొదట వచ్చింది న్యాయమూర్తి కాదు, మైక్రో ఫైనాన్స్ ఏజెంటు. వారం వారం కిస్తీ. కట్టకపోతే సాయంత్రం దాకా గడప ముందు కూర్చోవడం, నలుగురిలో పరువు తీయడం. 2010లో మన పల్లెల్లో ఏం జరిగిందో, ఎంతమంది ఆడబిడ్డలు ఉసురు తీసుకున్నారో గుర్తున్నవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. ఈ అప్పు మాత్రం సింహళం, తమిళం అనే భేదం చూడలేదు. 2021లో పొలన్నరువ జిల్లా హింగురక్‌గొడలో అప్పులు రద్దు చేయాలని కూర్చున్నది సింహళ మహిళలు. ఉత్తరాన అంతకుముందు నుంచే అడుగుతున్నది తమిళ మహిళలు. ఏజెంటు అడిగే ప్రశ్న మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే.

భూమి విషయానికి వద్దాం. మాకు బాగా నచ్చిన ముచ్చట ఇందులోనే ఉన్నది.

కిళినొచ్చి జిల్లా పూనకరి తీరానికి ఎదురుగా ఇరణైతీవు అనే జంట దీవి ఉన్నది. అక్కడివాళ్లంతా చేపలు పట్టే తమిళ క్యాథలిక్కులు. 1992లో యుద్ధం తరిమితే ఒడ్డుకొచ్చి పడ్డారు. దీవిని నౌకాదళం పట్టుకున్నది. యుద్ధం అయిపోయింది. నౌకాదళం పోలేదు. అర్జీలు పెట్టారు, మంత్రులను కలిశారు, బిషప్పును కలిశారు. 2017 మే 1న ఒడ్డున దీక్ష మొదలుపెట్టారు. దాదాపు ఏడాది కూర్చున్నారు. ఎవడూ పలకలేదు. 2018 ఏప్రిల్ 23న ఏం చేశారు? ఎవరి అనుమతీ అడగలేదు. పడవలు తీశారు. తెల్లజెండాలు కట్టారు. వందలమంది ఆడా మగా ఎక్కి సముద్రం మీదుగా తమ దీవికి తామే పోయారు. నౌకాదళం చూస్తుండగానే దిగి, నేరుగా తమ పాత చర్చికి నడిచిపోయారు. ఆ తర్వాత వాళ్లను అక్కడినుంచి కదిలించడం ఎవరి వల్లా కాలేదు. కొద్దిరోజుల్లో ప్రభుత్వమే ఉండమన్నది. ఒక్క తుపాకీ లేదు, ఒక్క రాయి లేదు. ముప్పై ఏళ్ల యుద్ధం ఇప్పించలేకపోయిన జాగను పడవలు ఇప్పించాయి.

ముల్లైతీవులోని కేప్పాపులవు ఆడవాళ్లూ 2017 ఫిబ్రవరి నుంచి తమ ఊళ్లో ఉన్న సైనిక స్థావరం గేటు ముందే టెంటు వేసుకుని, పిల్లలను అక్కడే పడుకోబెట్టి, వంట అక్కడే చేసుకుని కొంత భూమి విడిపించుకున్నారు. అంతా రాలేదు. అడిగినంత ఏ సర్కారు ఇచ్చింది గనక?

ఇదే ఇరణైతీవు కథకు 2021లో ఒక కొసరు ఉన్నది. అది మతం సంగతి. ఆ దేశంలో మతం, రాజకీయం, వంటిల్లు వేర్వేరు గదులు కావు. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు చనిపోయిన ప్రతివాణ్నీ దహనం చేయాల్సిందేనని గొటబాయ రాజపక్స ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. పాతిపెట్టడం తప్పు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా వినలేదు. ముస్లింలకు అది ఎంత నరకమో వేరే చెప్పాలా? 2020 డిసెంబరులో ఇరవై రోజుల పసిగుడ్డును తల్లిదండ్రుల మాట వినకుండా కాల్చేశారు. ఆ తర్వాత కొలంబోలోని ఆ శ్మశానం కంచెకు జనం తెల్ల గుడ్డపీలికలు కట్టిపోయారు. ముస్లింలొక్కరే కాదు, సింహళులూ తమిళులూ వచ్చి కట్టారు. 2021 ఫిబ్రవరి ఆఖరికి ప్రభుత్వం దిగివచ్చి పాతిపెట్టడానికి ఒప్పుకున్నది. ఒప్పుకుని ఏ జాగ చూపించింది? ఇరణైతీవు! మూడేళ్ల కిందట పడవల మీద పోయి దక్కించుకున్న దీవిని శవాల దిబ్బ చేయమన్నది. తమిళ క్యాథలిక్కులు కాదంటే వాళ్లు ముస్లింలకు శత్రువులవుతారు. ఎంత తెలివో చూడండి! ఆ దీవివాళ్లు నిరసన తెలిపారు. చివరికి తూర్పున ముస్లింలు ఎక్కువగా ఉండే ఒట్టమావడిలో జాగ చూపించారు. ఆ బలవంతపు దహనాలకు మంత్రివర్గం క్షమాపణ చెప్పింది 2024 జూలైలో. కాల్చిన మూడున్నరేళ్లకు.

ఇదంతా ఊరికే రాలేదు. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్నారు. 1972 రాజ్యాంగంలో బౌద్ధానికి అగ్రస్థానం అని రాశారు, 1978 రాజ్యాంగంలో మళ్లీ రాశారు. యుద్ధం గెలిచాక ఆ రాత కొండలెక్కింది. ముల్లైతీవు కురుందూర్‌మలైలో కోర్టు ఆపమన్నా బౌద్ధ కట్టడం లేచింది. ఆ కేసు విన్న తమిళ జడ్జి బెదిరింపులు వస్తున్నాయని చెప్పి 2023 సెప్టెంబరులో రాజీనామా చేసి దేశమే విడిచిపోయాడు. జడ్జికే దిక్కు లేకపోతే అర్జీదారుకు ఎవరు దిక్కు? 2024లో శివరాత్రి నాడు వవునియా జిల్లా వెడుక్కునారి కొండ మీద ఆదిశివుడి గుడిలో పూజకు పోయినవాళ్లను పోలీసులు లాగి పడేశారు. పూజారితో సహా ఎనిమిదిమందిని జైలుకు పంపారు. పదిరోజుల తర్వాత కోర్టు వాళ్లను వదిలేసింది. జాగారం మాత్రం జైల్లో చేశారు.

బుద్ధుడు ఏం పాపం చేశాడని మేం అనబోవడం లేదు. మా నాగార్జునకొండకు సింహళ భిక్షువులు వచ్చి విహారం కట్టుకున్న కాలం ఉన్నది. శాసనంలో దానికి సింహళ విహారమనే పేరు. కృష్ణా తీరాన విహారం కట్టడానికి వాళ్లకు సైన్యం అవసరం కాలేదు.

తెలుగు ముచ్చట వచ్చింది గనక ఒక మాట. ఆ దీవిలో పాములాడించుకుని, సోదె చెప్పుకుని బతికిన తెలుగువాళ్లున్నారు. అహికుంటికలంటారు. అనురాధపురం జిల్లా కుడాగమలో కొందరు, తూర్పున అలికంబైలో కొందరు. సింహళుల నడుమ ఉన్నవాళ్లకు సింహళ పేర్లు, తమిళుల నడుమ ఉన్నవాళ్లకు తమిళ పేర్లు. ఇంట్లో మాత్రం తెలుగు. అదీ తరం తరానికి సన్నబడుతున్నది. పెద్ద జాతులు రెండూ కొట్టుకుంటే మధ్యలో చిన్నవాడు పేరు మార్చుకుని బతుకుతాడు.

చర్చిల సంగతి చెప్పకపోతే అన్యాయం. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. కొలంబో, నెగొంబో, బట్టికలోవాల్లో మూడు చర్చిలు, కొలంబోలో మూడు పెద్ద హోటళ్లు. ఇస్లామిక్ స్టేట్ పేరు చెప్పుకున్న ఆత్మాహుతి మూకలు రెండు వందల అరవైకి పైగా ప్రాణాలు తీశాయి. భారత నిఘావర్గాలు ముందే హెచ్చరించాయి. పట్టించుకున్న నాథుడు లేడు. ఆ నిర్లక్ష్యానికి పది కోట్ల లంక రూపాయలు పరిహారం కట్టమని 2023 జనవరిలో సుప్రీంకోర్టు అప్పటి అధ్యక్షుడు సిరిసేనను ఆదేశించింది. ఒక అధ్యక్షుణ్ని కోర్టు జేబులోంచి కట్టమనడం మామూలు విషయం కాదు. మెచ్చుకోవాల్సిందే. అయితే మాకు ఒక ప్రశ్న. ఈస్టర్ మృతులకు అట్లా ఒక తీర్పు దక్కింది. ముల్లివాయ్‌కాల్ మృతులకు దాన్ని ఏ కోర్టు ఇస్తుంది?

ఇప్పుడు తల్లుల దగ్గరికి రావాలి. 2017 ఫిబ్రవరి 20న కిళినొచ్చి కందసామి గుడి దగ్గర కొందరు తల్లులు, భార్యలు ఫొటోలు పట్టుకుని కూర్చున్నారు. మా పిల్లలను మా చేతులతోనే సైన్యానికి అప్పగించాం, వాళ్లెక్కడ? ఇదీ వాళ్ల ప్రశ్న. మాయమైనవాళ్ల కార్యాలయం అని ఒకటి 2016లో చట్టం చేసి, 2018లో సభ్యులను వేశారు. ఫారాలు నింపించుకున్నారు. 2020 జనవరిలో గొటబాయ ఐక్యరాజ్యసమితి ప్రతినిధితో తేల్చేశాడు: మాయమైనవాళ్లు చనిపోయారు, విచారణ తర్వాత మరణ ధ్రువపత్రాలు ఇస్తామని. యుద్ధకాలంలో రక్షణ కార్యదర్శి ఆయనే. చనిపోయారని ఆయనకు ఎట్లా తెలుసు? ఎవరు చంపారో కూడా తెలియాలి కదా! ఆ దీక్షలో కూర్చున్న తల్లిదండ్రుల్లోనే వందమందికి పైగా జవాబు వినకుండా కన్నుమూశారు.

ఈ కథ దక్షిణాదికి తెలియంది కాదు. 1987-89లో జనతా విముక్తి పెరమున తిరుగుబాటును అణచే పేరు మీద ప్రభుత్వం వేలమంది సింహళ యువకులను మాయం చేసింది. టైర్లు వేసి తగలబెట్టింది. నదుల్లో శవాలు తేలాయి. 1990లో సింహళ తల్లులు మదర్స్ ఫ్రంట్ పెట్టుకున్నారు. 1992లో కొలంబో మోదర కాళియమ్మ గుడిలో కొబ్బరికాయలు పగలగొట్టి అధ్యక్షుడు ప్రేమదాసను శపించారు. సింహళ బౌద్ధ తల్లులకు న్యాయం అడగడానికి దొరికిన దేవత తమిళుల కాళియమ్మ! ఆ తల్లుల పక్కన నిలబడి, మాయమైనవాళ్ల కాగితాలు పట్టుకుని 1990 సెప్టెంబరులో జెనీవాకు విమానమెక్కబోతే విమానాశ్రయంలో పోలీసులు గుంజుకున్నది ఎవరి దగ్గరో తెలుసా? యువ ఎంపీ మహింద రాజపక్స దగ్గర. ఇరవై ఏళ్లు తిరగకుండానే అదే మహింద అధ్యక్షుడు, అదే జెనీవా ఆయనకు విదేశీ కుట్ర. కిళినొచ్చి తల్లులూ కొబ్బరికాయలు కొట్టి, కర్పూరం వెలిగించి అడిగారు. కాయ ఒకటే, గుడి ఒకటే తీరు, ప్రశ్న ఒకటే.

రాజకీయ పరిష్కారం మాటకొస్తే లంక చరిత్రంతా చింపేసిన కాగితాల చరిత్ర. 1957లో బండారనాయకె, చెల్వనాయకం ఒప్పందం. భిక్షువులు ఇంటి ముందు కూర్చుంటే మరుసటి ఏడే చింపేశారు. 1965లో డడ్లీ సేననాయకె, చెల్వనాయకం ఒప్పందం. అదీ గాలికి. పెద్దమనుషుల సంతకాలకు ఎంత విలువ ఉంటుందో ఈ పత్రిక పాఠకులకు మేం చెప్పాలా! 1987లో భారత్ ఒత్తిడితో పదమూడో సవరణ వచ్చింది. ప్రావిన్సులకు కౌన్సిళ్లు వచ్చాయి. భూమి, పోలీసు అధికారాలు కాగితం మీద ఉన్నాయి, చేతికి రాలేదు. 2013 సెప్టెంబరులో ఉత్తర ప్రావిన్సుకు మొదటి ఎన్నికలు పెడితే 38 సీట్లలో 30 తమిళ జాతీయ కూటమికి ఇచ్చారు జనం. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి విఘ్నేశ్వరన్ ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన నెత్తి మీద గవర్నరుగా ఎవరున్నారు? రిటైర్డ్ మేజర్ జనరల్! 2018 అక్టోబరులో ఆ కౌన్సిలు గడువు తీరింది. ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఎన్నికలు పెట్టలేదు. ఓటు వేయగానే సరిపోదని, ఓటుకు వెనుక అధికారం ఉండాలని జనానికి అర్థం చేయించడానికి ఇంతకంటే పాఠం ఏముంటుంది?

అయినా ఒక దృశ్యం మమ్మల్ని వదలడం లేదు. 2022లో పెట్రోలు లేక, మందులు లేక, గ్యాసు బండ లేక దక్షిణాది జనం కొలంబో సముద్రతీరం గాల్ ఫేస్‌లో గుడారాలు వేసి రాజపక్సలను పొమ్మన్నారు. ఆ ఏడాది మే 18న, అధ్యక్షుడి కార్యాలయం ఎదురుగా, ఆ గుడారాల నడుమ, ముల్లివాయ్‌కాల్ మృతులకు దీపాలు వెలిగించారు. గంజి పంచారు. సింహళ పిల్లలు, భిక్షువులు, పాదిరీలు వచ్చారు. అదే దక్షిణాది పదమూడేళ్ల కిందట విజయోత్సవం చేసుకుని వీధుల్లో పాలబువ్వ పంచుకున్నది. ఆకలి నేర్పిందో, సిగ్గు నేర్పిందో మేం చెప్పలేం. ఆ జూలైలో గొటబాయ పారిపోయాడు. పాలబువ్వ నుంచి గంజికి వచ్చిన ఆ కొద్దిమందే తమిళులకు దక్షిణాన దొరికిన చుట్టాలు.

2024 సెప్టెంబరులో జేవీపీ నాయకుడు అనుర కుమార దిసనాయకె అధ్యక్షుడయ్యాడు. నవంబరులో ఆయన కూటమికి 225లో 159 సీట్లు వచ్చాయి. జాఫ్నా జిల్లాలో కూడా ఆ కూటమే ముందుకు వచ్చింది. ఇది చూసి మనవాళ్లు కొందరు తమిళులు ఇగ తమ సమస్యను వదిలేశారని రాశారు. తొందరపడొద్దు. కీచులాడుకునే సొంత పార్టీలతో విసిగి కొత్తవాడికి ఒక అవకాశం ఇచ్చారు, అంతే. ఉత్తర, తూర్పు ప్రావిన్సులను విడగొట్టాలని కోర్టుకు పోయి 2006లో గెలిచింది ఇదే జేవీపీ. తన సొంత పిల్లలు వేలల్లో మాయమైన పార్టీ కూడా ఇదే. 1979లో తాత్కాలికమని తెచ్చి శాశ్వతం చేసిన ఉగ్రవాద నిరోధక చట్టాన్ని రద్దు చేస్తామని చెప్పి గెలిచారు. రద్దు చేసి అంతకంటే ముదురు చట్టం తేకుండా ఉంటే చాలు.

వాళ్ల ముందు పెద్ద పరీక్ష జాఫ్నా పొలిమేరల్లోనే తవ్వకానికి వచ్చింది. చెమ్మణి. అక్కడ వందల శవాలు పాతిపెట్టారని 1998లో శిక్షపడ్డ సిపాయి ఒకడు కోర్టులోనే చెప్పాడు. 1999లో పదిహేను అస్థిపంజరాలు తీసి ఫైలు మూసేశారు. 2025 ఫిబ్రవరిలో అక్కడి శ్మశానంలో కట్టడం పని చేస్తున్న కూలీల పారలకు ఎముకలు తగిలాయి. కోర్టు తవ్వించింది. రెండు వందలకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. పిల్లలవి ఉన్నాయి. ఒక చోట నీలిరంగు బడిసంచి దొరికింది. పాలసీసా దొరికింది. ఆడుకునే బొమ్మ దొరికింది.

2025 ఆగస్టులో కోర్టు ఉత్తర్వు మీద ఆ గుంతల్లో దొరికిన బట్టలు, గాజులు, చెప్పులు అక్కడే పరిచి, గుర్తుపట్టగలిగినవాళ్లు వచ్చి చూడమన్నారు. తల్లులు వచ్చారు. వరుసలో నిలబడి, ఒక్కో గుడ్డ దగ్గర ఆగి, వంగి చూసుకుంటూ ముందుకు నడిచారు.